చిట్టాకూ ఆవర్జాకూ మధ్య

2024 మార్చి 4వ తేదీన భారతీయ స్టేట్ బ్యాంకు వారు సుప్రీంకోర్టుకు ఒక విన్నపం చేసుకున్నారు. ఎన్నికల బాండ్లు ఎవరు కొన్నారో, ఏ పార్టీలు వాటిని సొమ్ము చేసుకున్నవో ఆ వివరాలను మార్చి 6వ తేదీలోగా ఎన్నికల సంఘానికి అందజేయవలసిందిగా అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం అంతకు మునుపు ఫిబ్రవరి 15న ఆదేశించి ఉన్నది. ఆ గడువును జూన్ 30 వరకు పొడిగించవలసిందని బ్యాంకు వారి కోరిక. కారణం? కొన్నవారి వివరాలు ఒక చోట, సొమ్ము చేసుకున్న పార్టీల వివరాలు మరొక చోట, వేర్వేరు సీల్డు కవర్లలో ముంబయి ప్రధాన శాఖలో ఉన్నవట. రెండింటినీ కలిపిన పద్దు ఏదీ లేదట. 22,217 బాండ్లకు రెండు వైపులా లెక్క వేస్తే 44,434 వివరాలను ఒకదానితో ఒకటి సరిచూడవలసి వస్తుందట.

జూన్ 30 అంటే లోక్‌సభ ఎన్నికలు ముగిసి, కొత్త ప్రభుత్వం కొలువుదీరిన తరువాతి మాట. న్యాయస్థానం ఆ కోరికను మార్చి 11న తోసిపుచ్చింది, మరునాటి సాయంకాలానికల్లా వివరాలు ఇచ్చి తీరాలన్నది. నాలుగు నెలలు పట్టవలసిన పని ఒక్క రోజులో జరిగిపోయింది. బాండ్ల సంఖ్యలు కూడ వెల్లడించవలసిందని మార్చి 18న మళ్లీ చెప్పించుకుని, 21న అవి కూడ సమర్పించారు. ఆ సంఖ్యలు బయటపడిన ఒకటి రెండు రోజులలోనే పత్రికల వారు, సామాన్య పౌరులు తమ ఇళ్లలోని కంప్యూటర్లతో దాతను, గ్రహీతను జతపరచి చూపారు. కొన్నవారిలో రెండవ స్థానం హైదరాబాదుకు చెందిన ఒక నిర్మాణ సంస్థదని, తెలంగాణలోని ఒక పార్టీకి 1,200 కోట్ల రూపాయలకు పైగా ముట్టినదని మన పాఠకులకు తెలిసింది అప్పుడే.

ఆ పార్టీల మంచి చెడ్డల విచారణ ఈ వారం మన ప్రస్తుతాంశం కాదు. ఆలోచించదగినది బ్యాంకు వారు చెప్పిన కారణం. వారు అబద్ధం చెప్పలేదు. వివరాలు నిజంగానే రెండు గదులలో ఉన్నవి. అలా ఉంచవలెనని పథకం రూపొందించిన నాడే నిర్ణయించారు, ఎందుకంటే ఆ రెండూ కలవకపోవడమే ఆ పథకానికి ప్రాణం. మన బ్యాంకులలో లెక్కలు చెల్లాచెదురుగా ఉన్నవని, వాటిని ఒక తాటిమీదికి తేవాలని సంఘాల మీద సంఘాలు నలభై ఏళ్లుగా సిఫారసు చేస్తూనే ఉన్నవి. ఆ సిఫారసులన్నీ ఈ చెదురుబాటు పొరబాటున జరిగిందని, సాంకేతిక లోపమని భావించి చేసినవే. కొంత అట్టిదే. మరికొంత మాత్రం ఎవరికో అనుకూలంగా ఉన్నందువల్ల అట్లే ఉండిపోయినది. ఈ రెండింటినీ వేరు చేసి చూడనిదే ఇప్పుడు ఢిల్లీలో వినిపిస్తున్న "సమీకృత సమాచార వ్యవస్థ" మాటలలోని నిజానిజాలు బోధపడవు.

పాతకాలపు షావుకారు దుకాణంలో చిట్టా ఉండేది, ఆవర్జా ఉండేది. ఏ రోజు వ్యవహారం ఆ రోజు చిట్టాలో పడేది. దానిని మనిషి పేరు వారీగా ఆవర్జాలోనికి ఎత్తి రాసేవారు. ఎత్తి రాయడంలో ఆలస్యమైనా, ఎగవేత జరిగినా దుకాణం దివాలా తీసినదన్నమాటే. అందుకే గుమాస్తా ఎంత నమ్మకస్థుడైనా షావుకారు రాత్రి దీపం పెట్టుకుని రెండూ సరిచూసుకునేవాడు. బ్యాంకులకు కోట్ల ఖాతాలు వచ్చిన తరువాత ఈ సరిచూడడమే పెద్ద సమస్య అయి కూర్చున్నది.

1983లో బ్యాంకు యాజమాన్యాల సంఘానికి, ఉద్యోగ సంఘాలకు మధ్య యాంత్రీకరణపై ఒప్పందం కుదిరింది. యంత్రం వస్తే ఉద్యోగం పోతుందన్న భయం ఆనాడు బలంగా ఉన్నది. అది నిరాధారమైన భయమని ఇప్పుడు చెప్పడం తేలికే. ఆనాటి గుమాస్తా స్థానంలో నిలబడి చూస్తే అంత తేలిక కాదు. అదే ఏడాది రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు శ్రీ సి. రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1984లో నివేదిక ఇచ్చింది. వీరే తరువాత రిజర్వు బ్యాంకు గవర్నరుగా, ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. శాఖలలో లెడ్జరు పోస్టింగు యంత్రాలు వచ్చినవి. అయితే ఏ శాఖ యంత్రం ఆ శాఖదే. కాగితం మీద విడివిడిగా ఉన్న లెక్క యంత్రంలోనూ విడివిడిగానే కూర్చున్నది.

1992లో హర్షద్ మెహతా వ్యవహారం బయటపడినప్పుడు పార్లమెంటు దద్దరిల్లింది. శ్రీ రామ్ నివాస్ మిర్ధా అధ్యక్షతన సంయుక్త పార్లమెంటరీ సంఘం ఏర్పడింది. దాని మూలం కూడ ఇక్కడే ఉన్నది. ప్రభుత్వ సెక్యూరిటీలు ఎవరి వద్ద ఎన్ని ఉన్నవో చెప్పవలసిన రిజర్వు బ్యాంకు పబ్లిక్ డెట్ ఆఫీసులో అప్పటికి చేతిరాత లెక్కలే. బదిలీ నమోదు కావడానికి రోజులు పట్టేది. ఆ రోజుల సందులో బ్యాంకు రసీదు అనే కాగితం చేతులు మారేది. దాని వెనుక సెక్యూరిటీ ఉన్నదో లేదో సరిచూచే నాథుడు లేడు. జానకిరామన్ సంఘం తేల్చిన మొత్తం 4,000 కోట్ల రూపాయలకు పైబడి ఉన్నది. ఆనాటికి అది కళ్లు తిరిగే సంఖ్య.

ఆ దెబ్బతో కొంత కదలిక వచ్చింది. 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాదులో ఒక బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధనా సంస్థను నెలకొల్పింది. మాసాబ్ ట్యాంకు దారిన పోయేవారికి ఆ భవనం తెలిసే ఉంటుంది, అందులో ఏమి జరుగుతుందో తెలిసినవారు తక్కువ. బ్యాంకులు తమలో తాము మాట్లాడుకునే దేశీయ సమాచార మార్గం తయారైనది అక్కడే. కేంద్ర విజిలెన్స్ కమిషనరు శ్రీ ఎన్. విఠల్ 2001 జనవరి 1 నాటికి వ్యాపారంలో 70 శాతం కంప్యూటరు మీదికి రావాలని బ్యాంకులకు గడువు విధించారు. అవినీతిని చూడవలసిన అధికారి కంప్యూటర్ల జోలికి ఎందుకు వచ్చారని అప్పట్లో కొందరు నొసలు చిట్లించారు. ఆయనకు తెలిసినంతగా ఆ రెండింటి సంబంధం మరెవరికీ తెలియదేమో! ఆ దశకంలోనే కోర్ బ్యాంకింగ్ వచ్చింది. శాఖకొక ఆవర్జా పోయి బ్యాంకుకొక ఆవర్జా ఏర్పడింది. తెనాలిలో వేసిన డబ్బు ఢిల్లీలో తీసుకోవడం అప్పటి నుండి మనకు అలవాటైపోయింది.

అంతటితో పని పూర్తయినదని అందరూ అనుకున్నారు. పూర్తి కాలేదని 2018 ఫిబ్రవరిలో పంజాబ్ నేషనల్ బ్యాంకు చాటి చెప్పింది.

ఈ వ్యవహారాన్ని నీరవ్ మోదీ పేరుతోనే జనం గుర్తుంచుకున్నారు. వజ్రాల వర్తకుడు, విదేశాలకు పరారీ, లండనులో అరెస్టు, ఇదంతా కథకు కావలసిన హంగు. కాని దాని యంత్రాంగం ఎంత సామాన్యమైనదో గమనించాలి. ముంబయిలో ఆ బ్యాంకుకు బ్రాడీ హౌస్ అనే శాఖ ఉన్నది. దిగుమతిదారు కోసం ఆ శాఖ విదేశంలోని మరొక బ్యాంకుకు, "ఇతనికి అప్పు ఇవ్వండి, అతడు తీర్చకపోతే మాదీ పూచీ" అని హామీ పత్రం పంపుతుంది. ఆ సందేశం వెళ్లేది స్విఫ్ట్ అనే అంతర్జాతీయ సమాచార యంత్రం ద్వారా. ఇటువంటి హామీ ఇచ్చినప్పుడల్లా అది కోర్ బ్యాంకింగులో కూడ నమోదు కావాలి. కాని ఆ రెండు యంత్రాలకూ లంకె లేదు. స్విఫ్ట్‌లో సందేశం పంపే మనిషి కోర్ బ్యాంకింగులోనూ చేతితో రాయాలి. రాయకపోతే? ఏమీ కాదు. విదేశీ బ్యాంకు డబ్బు ఇస్తుంది. ముంబయిలోని బ్యాంకు లెక్కలలో అప్పు ఉన్నట్లే కనబడదు. పాత హామీ గడువు తీరే నాటికి కొత్త హామీతో దానిని తీర్చివేస్తే చాలు. ఈ బాగోతం ఏళ్ల తరబడి నడిచింది. 2018 జనవరిలో ఆ కంపెనీల వారు మరొక హామీ కోసం రాగా, కొత్తగా వచ్చిన అధికారులు నూటికి నూరు శాతం పూచీ సొమ్ము జమ చేయమన్నారు. ఇంతకు మునుపు మాకు అట్లా అడగకుండానే ఇచ్చారు గదా అని వారు నోరు జారారు. అధికారులు పద్దులు తిరగవేస్తే అటువంటి హామీల జాడే లేదు. చివరికి బ్యాంకు ప్రకటించిన మొత్తం 11,400 కోట్ల రూపాయలు, తరువాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది.

చిట్టా ఉన్నది, ఆవర్జా ఉన్నది, దీపం పెట్టుకుని సరిచూచే షావుకారు మాత్రం లేడు. అంతర్గత తనిఖీదారులు, బయటి ఆడిటర్లు, రిజర్వు బ్యాంకు పరీక్షకులు అందరూ ఆవర్జానే చూశారు. స్విఫ్ట్ చిట్టాను ఒక్కరోజు ప్రక్కన పెట్టుకుని చూచి ఉంటే మొదటి ఏడాదే పట్టుబడేది.

రిజర్వు బ్యాంకు వారు 2018 ఫిబ్రవరి 20న ఒక ప్రకటన చేశారు. 2016 ఆగస్టు నుండి కనీసం మూడు పర్యాయాలు స్విఫ్ట్ దుర్వినియోగం గురించి బ్యాంకులను రహస్యంగా హెచ్చరించామన్నది దాని సారాంశం. హెచ్చరించడం సరే, అమలు చేశారో లేదో చూడడం ఎవరి పని? ఆ తరువాత 2018 ఏప్రిల్ 30లోగా రెండు యంత్రాలనూ అనుసంధానించి తీరాలని గడువు పెట్టారు. 2019 మార్చిలో ఈ విషయమై ఆదేశాలు పాటించనందుకు 36 బ్యాంకుల మీద మొత్తం 71 కోట్ల రూపాయల జరిమానా విధించారు. అంటే రోగం ఒక్క శాఖది కాదు, ఒక్క బ్యాంకుది కాదు, అక్షరాలా 36 బ్యాంకులది. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినవని సామెత. ఇక్కడ మొరిగిన తరువాత కూడ తలుపులు వేసుకోనివారు 36 మంది!

ప్రభుత్వ బ్యాంకులు కనుక ఇట్లా ఏడ్చినవని, ప్రైవేటుకు అప్పగిస్తే అంతా చక్కబడుతుందని అనేవారు రాజధానిలో తక్కువేమీ కాదు. వారి కోసం ఒక మాట. ఇండస్ఇండ్ బ్యాంకు ప్రైవేటు బ్యాంకే. ఒకే బ్యాంకులోని రెండు విభాగాలు తమలో తాము చేసుకున్న విదేశమారక లావాదేవీలకు చెరొక పద్ధతిలో లెక్క కట్టుకున్నందువల్ల ఏర్పడిన లోటును ఆ బ్యాంకు 2025 మార్చిలో వెల్లడించింది. బయటి పరీక్షకులు తేల్చిన నష్టం 1,960 కోట్ల రూపాయల ప్రాంతం. ఏప్రిల్‌లో ముఖ్య కార్యనిర్వహణాధికారి రాజీనామా చేశారు. ఇక సహకార రంగంలో 2019 నాటి పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు ఉదంతం మరీ విపరీతం. ఒకే నిర్మాణ సంస్థకు ఇచ్చిన అప్పులను దాచడానికి 21,049 కల్పిత ఖాతాల జాబితాను తయారుచేసి రిజర్వు బ్యాంకుకు చూపారు. ఆ ఖాతాలు బ్యాంకు సొంత కంప్యూటరులో లేనే లేవు. బ్యాంకుకొక లెక్క, తనిఖీకొక లెక్క. దాని ఫలితం డిపాజిటుదారుడు ఆరు నెలలకు వెయ్యి రూపాయలకు మించి తన డబ్బు తాను తీసుకోరాదన్న ఆంక్ష. ముంబయి వీధులలో పింఛనుదారులు కన్నీరు పెట్టుకున్నారు.

మన దేశమే వెనుకబడి ఉన్నదని చిన్నబుచ్చుకోనక్కరలేదు. 2008లో లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు దానికి ఎవరెవరు ఎంతెంత బాకీయో ప్రపంచంలోని పెద్ద బ్యాంకులే వెంటనే చెప్పలేకపోయినవి. అందుమీద బాసెల్ సంఘం 2013లో 14 సూత్రాలు విధించింది. పదేళ్ల తరువాత, 2023లో చూస్తే 31 పెద్ద బ్యాంకులలో వాటన్నిటినీ పూర్తిగా పాటించినవి రెండే. డబ్బు లేక కాదు. ఏ విభాగం వాడికి ఆ విభాగం లెక్క సొంత జాగీరు. దానిని మరొకడు చూడడం అతనికి ఇష్టం ఉండదు. సచివాలయాలలో ఫైళ్ల సంగతి తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

ఇక మన ఇంటి సంగతి. 2019 ఆగస్టు 30న ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ పది ప్రభుత్వ బ్యాంకులను నాలుగుగా కలుపుతున్నట్లు ప్రకటించారు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఆ జాబితాలో యూనియన్ బ్యాంకులో కలిసిపోయేదిగా ఉన్నది. ఈ కలయికలకు ఆ రోజు చూపిన సమర్థనలలో ఒకటి ఏమిటో తెలుసునా? ఆంధ్రా, కార్పొరేషన్, యూనియన్ బ్యాంకులు మూడూ ఒకే కోర్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేరు వాడుతున్నవని! సాంకేతికంగా అది అర్థంలేని వాదన కాదు. వేర్వేరు సాఫ్ట్‌వేర్లు ఉన్న బ్యాంకులను కలిపితే ఏళ్ల తరబడి యాతన. అయినప్పటికీ, స్వాతంత్ర్యోద్యమంలో పుట్టి, తెలుగు రైతుకు అప్పు అన్న మాటకు గౌరవం తెచ్చిన ఒక సంస్థ భవిష్యత్తు ఏ కంపెనీ సాఫ్ట్‌వేరు కొన్నదనే అంశంతో ముడిపడడం కొంచెం చేదుగానే ఉన్నది. 2020 ఏప్రిల్ 1న ఆ పేరు పోయింది. 1941లో పుట్టిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు పేరు అంతకు మూడేళ్ల ముందే పోయింది. సంకేత సంఖ్యలు మారినవి, చెక్కు పుస్తకాలు మారినవి. వృద్ధాప్య పింఛను ఏ ఖాతాలో పడుతున్నదో తెలియక శాఖల ముందు నిలబడినవారు మాత్రం సాఫ్ట్‌వేరు ఒకటే అయినందుకు సంతోషించిన దాఖలాలు లేవు.

గ్రామీణ బ్యాంకుల కథ ఇంకొక తీరు. చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులు నాలుగింటికీ నాలుగు వేర్వేరు పెద్ద బ్యాంకులు పోషకులు. 2025 మే 1న ఈ నాలుగూ ఒక్కటైనవి. వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు అప్పటికే జనవరిలో తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరినవి. ఆస్తుల పంపకం, ఖాతాల పంపకం, కంప్యూటర్ల కలయిక అన్నీ ఒక్కసారిగా. పల్లెలలో బంగారం కుదువపెట్టి సేద్యం చేసేవారి అప్పు పత్రాలన్నీ ఈ కదలికలో ఒక గూటి నుండి మరొక గూటికి మారినవే.

కలపడం వద్దని వాదించడం నా ఉద్దేశం కాదు. కలపకపోవడం వల్ల పేదవాళ్లు నలిగిన ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉన్నది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణ సంస్థలు గ్రామ గ్రామాన అప్పులు పంచినవి. ఒకే మహిళకు మూడు నాలుగు సంస్థలు అప్పు ఇచ్చినవి. ఒకరు ఇచ్చినది మరొకరికి తెలియదు, తెలుసుకునే ఏర్పాటూ లేదు. మొదటి అప్పు వాయిదా కట్టడానికి రెండవ అప్పు, రెండవదానికి మూడవది. ఇంటి ముందు కూర్చుని పరువు తీసే వసూలు పద్ధతులు, ఆత్మహత్యల వార్తలు, చివరికి అక్టోబరులో ఆర్డినెన్సు. అటుపైన రిజర్వు బ్యాంకు నియమించిన శ్రీ వై.హెచ్. మాలేగాం ఉపసంఘం 2011 జనవరిలో ఒక మహిళకు రెండు సంస్థలకు మించి అప్పు ఇవ్వరాదని, రుణ సమాచారం ఒక చోట చేరాలని సిఫారసు చేసింది. పంజాబ్ నేషనల్ బ్యాంకు ఉదంతం తరువాత 2018లో మోసాలపై విచారణ సంఘానికి కూడ ఇదే మాలేగాం గారిని పిలిచారు! గ్రామంలో వెయ్యిరూపాయల వాయిదా విషయంలోనూ, ముంబయిలో వేల కోట్ల హామీ విషయంలోనూ ఒక పెద్దమనిషి కనుగొన్న జబ్బు ఒకటే.

మందు మాత్రం ఇద్దరికీ ఒకే మోతాదులో పడలేదు. చిన్న అప్పుదారు సమాచారం ఈనాడు ఎంత చక్కగా సమీకృతమైనదో చూడండి. 2005 నాటి చట్టం కింద నాలుగు రుణ సమాచార కంపెనీలు నడుస్తున్నవి. నాలుగింటి వెనుకా ఉన్నవి విదేశీ సంస్థలే. ట్రాక్టరు వాయిదా ఒక నెల తప్పితే ఆ సంగతి దేశంలోని ప్రతి బ్యాంకుకూ తెలుస్తుంది. 2025 జనవరిలో ఈ సమాచారం పదిహేను రోజులకొకసారి నవీకరణ కావడం మొదలైనది. మరి పెద్ద అప్పుదారు? అయిదు కోట్లకు మించిన అప్పుల కోసం రిజర్వు బ్యాంకు 2014లో ఒక ప్రత్యేక భాండాగారాన్ని నెలకొల్పింది. మంచి పని, సందేహం లేదు. ఒక బ్యాంకులో మొండి బాకీ అయినవాడు మరొక బ్యాంకులో మర్యాదస్థుడుగా చలామణీ అవుతున్న సంగతి దాని వల్లనే బట్టబయలైనది. 2015లో శ్రీ రఘురామ్ రాజన్ హయాంలో ఆస్తుల నాణ్యత సమీక్ష జరిగిన తరువాత మొండి బాకీలు పొంగి, 2018 మార్చి నాటికి మొత్తం అప్పులలో 11 శాతం దాటినవి. అప్పటి దాకా అవి లేవా? ఉన్నవి, ఎవరి గదిలో వారు మూసి ఉంచుకున్నారు. ఆ భాండాగారం తలుపు మాత్రం ప్రజలకు తెరుచుకోదు. రిజర్వు బ్యాంకు చట్టంలో 1962లో చేర్చిన అధ్యాయంలోని 45-ఇ సెక్షను దానికి గడియ. బడా బకాయిదారుల పేర్లు చెప్పమని ఉభయసభలలో సభ్యులు అడిగినప్పుడల్లా మంత్రులు ఈ సెక్షను చదివి కూర్చోవడం ప్రెస్ గ్యాలరీలోని వారికి కంఠతా వచ్చిన దృశ్యం. ప్రశ్న వేసినవారు అటూ ఇటూ మారుతుంటారు, జవాబు మారదు. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు సమాచార హక్కు పక్షాన తీర్పు ఇచ్చిన తరువాత కూడ ఆ పెనుగులాట ముగియలేదు. మోసాల కేసుల జాబితా ఒకటి తాను ప్రధాని కార్యాలయానికి పంపానని శ్రీ రాజన్ 2018లో శ్రీ మురళీ మనోహర్ జోషి అధ్యక్షతన ఉన్న అంచనాల సంఘానికి రాశారు. ఆ జాబితా ప్రజలు చూడలేదు.

కలిపితే చాలునని అనుకునే సాంకేతిక నిపుణులు గమనించవలసిన మరొక ముఖం ఉన్నది. కలపడమే ప్రమాదమయ్యే సందర్భాలూ ఉన్నవి. 2017లో ఒక టెలిఫోన్ కంపెనీ నడిపే పేమెంట్స్ బ్యాంకు, సిమ్ కార్డు ధ్రువీకరణకు వేలిముద్ర వేసినవారికి వారెరుగకుండానే ఖాతాలు తెరిచింది. ఆధార్‌కు చివరగా జతపడిన ఖాతాలోనే ప్రభుత్వ సొమ్ము పడుతుందన్న యాంత్రిక నియమం వల్ల లక్షల మంది గ్యాసు సబ్సిడీ ఆ తెలియని ఖాతాలకు ప్రవహించింది. యంత్రాలన్నీ చక్కగా కలిసే ఉన్నవి. తన ఖాతా ఏదో తనకే తెలియకుండా పోయిన గృహిణి మాత్రమే కలవలేదు. 2024లో తెలంగాణ రుణమాఫీ సమయంలో ఆధార్‌లో పేరు ఒక తీరుగా, బ్యాంకులో ఒక తీరుగా ఉన్నందున ఎందరో రైతులకు మాఫీ నిలిచిపోయింది. మన పేర్ల సంగతి మనకు తెలుసు. ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా. ఒక చోట సుబ్బారావు విడివిడిగా, మరొక చోట కలిపి. వేంకట అన్న మాటను ఇంగ్లీషులో ఎన్ని విధాల రాయవచ్చునో తెలుగువాడికి తప్ప తెలియదు. మొదటి పేరు, చివరి పేరు అనే గళ్లతో తయారైన యంత్రానికి మన రైతు ఇద్దరు మనుషులుగా కనబడతాడు. ఇద్దరైనవాడికి మాఫీ ఉండదు, ఒక్కడైనవాడికి వడ్డీ ఉంటుంది.

పది సంవత్సరాలు కదలని ఖాతాల డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. ప్రభుత్వ బ్యాంకుల నుండి అట్లా చేరినది 2023 ఫిబ్రవరి నాటికి 35,012 కోట్ల రూపాయలని, ఖాతాలు 10 కోట్లకు పైగా అని పార్లమెంటులోనే చెప్పారు. ఆ ఆగస్టులో వారసులు వెదకుకోవడానికి ఉద్గమ్ అనే ఏర్పాటు వచ్చింది. అప్పు తీర్చనివాడిని వెదికే విద్య బ్యాంకులకు ఏనాడో పట్టుబడింది. చనిపోయినవాడి భార్యను వెదికే విద్య మాత్రం ఇంత ఆలస్యంగా, అదీ ఆమెనే వెదకుకోమనే పద్ధతిలో!

ప్రస్తుతానికి వస్తాను. ప్రజా రుణ రిజిస్ట్రీ ఒకటి కావాలని శ్రీ వై.ఎం. దేవస్థలీ కార్యబృందం 2018లో సిఫారసు చేసింది. 2023-24 బడ్జెటు ప్రసంగంలో ఆర్థిక మంత్రి దానినే జాతీయ ఆర్థిక సమాచార రిజిస్ట్రీ అన్న పేరుతో ప్రకటించి, అందుకు కొత్త చట్టం తెస్తామన్నారు. 2025 వర్షాకాల సమావేశాలు ముగిసే నాటికి ఆ బిల్లు సభ ముందుకు రాలేదు. ఈ లోపల చట్టం అవసరంలేని కలయికలు చకచకా సాగుతున్నవి. భూమి రికార్డులతో సహా అప్పుకు కావలసిన సమాచారమంతా బ్యాంకుకు క్షణంలో చేరవేసే ఏకీకృత రుణ వేదికను 2024 ఆగస్టులో రిజర్వు బ్యాంకు గవర్నరు ప్రకటించారు. తెలంగాణలో ధరణి పేరిట సర్వే నంబర్లు తారుమారైన రైతుల గోడు విన్నవారికి, ఆ తప్పు తహసీలు దాటి బ్యాంకు యంత్రంలోనికి కూడ చేరితే ఏమవుతుందో వివరించనక్కరలేదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉన్నది గదా అనవచ్చు. అప్పు ఎగవేసినవారి ఆర్థిక స్థితిని తెలుసుకునే పనికి అందులో మినహాయింపు ఉన్నది. ప్రభుత్వం నోటిఫై చేసిన తన సంస్థలకూ మినహాయింపు ఉన్నది. పౌరుడికి మిగిలినది ఎంతో లెక్క చూసుకోవలసిందే.

కనుక బిల్లు త్వరగా రావాలి, వచ్చిన తరువాత మాత్రం త్వరపడరాదు. ఆర్థిక శాఖ స్థాయీ సంఘానికి వెళ్లకుండా గందరగోళం మధ్య మూజువాణి ఓటుతో గట్టెక్కించే బిల్లులలో ఇది ఒకటి కాకూడదు. సంఘంలో కూర్చునే సభ్యులు అడగవలసినవి అంత పెద్ద సాంకేతిక ప్రశ్నలేమీ కాదు. ఒకే బ్యాంకులోని ఖజానా, విదేశ వాణిజ్యం, అప్పులు అనే విభాగాల లెక్కలు రోజూ సరిచూసినట్లు సంతకం చేయవలసిన అధికారి ఎవరు? చేయకపోతే శిక్ష బ్యాంకు మీద జరిమానాయేనా, లేక ఆ అధికారికి కూడ వర్తిస్తుందా? జరిమానా అంటే చివరికి ప్రభుత్వ బ్యాంకు సొమ్ము ప్రభుత్వానికే పోవడం. రుణ చరిత్రలో తప్పు దొర్లి ముప్పై రోజులలో సరిచేయకపోతే రోజుకు నూరు రూపాయలు పరిహారమని 2023లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఆ తప్పు వల్ల సాగు కాలం దాటిపోయిన రైతుకు నూరు రూపాయలు ఏ మూలకు? తన గురించి రిజిస్ట్రీలో ఏమున్నదో తెలుగులో చదువుకునే హక్కు ఖాతాదారుకు ఉంటుందా? అన్నిటికంటె ముందు, 45-ఇ సెక్షను గడియ కొత్త చట్టంలో కూడ అట్లాగే బిగించి ఉంటుందా, లేక కావాలని ఎగవేసినవారి పేర్ల వరకైనా తీస్తారా?

లోక్‌సభలో రెండు తెలుగు రాష్ట్రాల సభ్యులు 42 మంది. కేంద్ర మంత్రివర్గంలో ఉన్నవారు కొందరు, ప్రతిపక్షంలో ఉన్నవారు కొందరు. సూక్ష్మ రుణాల వల్ల నష్టపోయిన మహిళలు, రుణమాఫీ అందని రైతులు, ఆంధ్రా బ్యాంకు పాత పాసుపుస్తకం ఇంకా బీరువాలో దాచుకున్నవారు వీరందరి నియోజకవర్గాలలోనూ ఉన్నారు. ఈ బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయానికి విడుదల చేసే విషయం ఎంతవరకు వచ్చినదని వచ్చే సమావేశాలలో ఒక నక్షత్రపు గుర్తు ప్రశ్న వేయడానికి పార్టీ విప్ ఏదీ అడ్డు రాదు. నోటీసుకు పదిహేను రోజుల వ్యవధి ఉంటే చాలు.